ఊరి నడుమ నహర్



మన సొసైటీ వార్షిక సంచికకు ఏదైనా ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇవ్వవలసినదని కార్యదర్శి గారు కోరినప్పుడు, మన శ్రీకాకుళం ఫౌజుదారుల గురించి వ్రాద్దామని మొదట అనుకొన్నాను. కాని కుతుబ్‌షాహీల కాలంలో ఇక్కడికి వచ్చిన షేర్ మహమ్మద్ ఖాన్ గారి గురించి, ఆయన కట్టించిన జామియా మసీదు గురించి, దేశాంతరాలకు వెళ్ళిన చికాకోలు మస్లిన్ గురించి మన పెద్దలకు నాకంటే బాగా తెలుసు. తెలిసినదే మళ్ళీ చెప్పి పేజీలు నింపడం మాస్టార్లకు అలవాటే అనుకోండి. ఈసారి ఆ అలవాటు మానుకొని కాలువల గురించి వ్రాస్తున్నాను. ఎందుకు ఈ విషయం ఎత్తుకొన్నానో ముందు చెబుతాను.

ఒక జనవరిలో మా స్కూలు పిల్లలను శ్రీముఖలింగం తీసుకువెళ్ళాము. వంశధార ఒడ్డున ఉన్న ఈ ఊరు ఈనాడు చిన్న గ్రామమే గాని, తూర్పు గంగరాజుల రాజధాని అయిన కళింగనగరం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ ఇక్కడే ఉన్నాయి. వ్యావహారిక భాషకోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో ఈ ఊరి దగ్గరి పర్వతాలపేటలోనే పుట్టారు. ఇక్కడి శాసనాలను తనంతట తాను చదవడం నేర్చుకొని, కళింగనగరం ఇదేనని వాదించినవారిలో ఆయన ముఖ్యులు. మా పిల్లల మాతృభాష ఉర్దూ. చదువు ఉర్దూ. వీధిలో మాట్లాడేది తెలుగు. అటువంటి పిల్లలకు సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేసిన ఒక తెలుగు మాస్టారి గురించి చెప్పడం నాకు చాలా ఇష్టం.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు దగ్గరకు నడుస్తూ ఒక పంట కాలువ దాటాము. కాలువ అనడానికి గట్లు ఉన్నాయి, మదుము ఉంది. లోపల మాత్రం గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు, విరిగిన కుర్చీ ఒకటి. ఎనిమిదో తరగతి కుర్రవాడు ఒకడు ఆగి, "సార్, ఇది కాలవా, మురుగ్గెడ్డా?" అని అడిగాడు. "కాలువేరా" అన్నాను. "మరి నీళ్ళేవీ?" అన్నాడు. ఎగువన హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ ఉందనీ, వంశధార నీరు అక్కడినుండి కాలువల్లోకి మళ్ళుతుందనీ, ఇది నీరు వదిలే కాలం కాదనీ చెప్పాను. వాడు ఊరుకోక, "నీళ్ళొదిల్తే మాత్రం ఈ చెత్తలోంచి ఎలా పోతాయి సార్?" అన్నాడు. శివారు భూముల రైతులు ఏటేటా అధికారులను అడిగే ప్రశ్న కూడా ఇదే. నా దగ్గర జవాబు లేదు. పిల్లలను బస్సు ఎక్కించాను.

ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న నన్ను వదలలేదు. త్రవ్వినవాడి పేరు చరిత్రలో ఉంటుంది. పూడిక తీసినవాడి పేరు ఎక్కడా ఉండదు. కాని కాలువ బ్రతికేది ఎవరివల్ల?

మనం రోజూ వాడే "మరమ్మతు" అనే మాట చూడండి. అరబీ నుండి ఫారసీలోకి, అక్కడినుండి ఉర్దూలోకి, ఉర్దూ నుండి తెలుగులోకి వచ్చింది. పాత మద్రాసు రాజధానిలో, అంటే మన జిల్లాలు కూడా ఉండిన ఆ రాష్ట్రంలో, "కుడిమరామత్తు" అనే పద్ధతి ఒకటి ఉండేది. చెరువు నీరు, కాలువ నీరు వాడుకొనే రైతులే ఇంటికింత చొప్పున పని చేసి పూడిక తీయాలి, గండి పూడ్చాలి. ఆ మాటలో సగం ద్రావిడం, సగం మనది. కాలక్రమేణా ఆ కట్టుబాటు సడలింది. 1858లో దొరల ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టం ఒకటి చేసి ఆ పనిని బలవంతాన నిలబెట్టాలని చూసింది. ఇష్టంతో చేసే పని చట్టంతో చేయించబోతే ఏమవుతుందో అదే అయ్యింది. చాలా ఏళ్ళ తర్వాత, 1997లో, మన రాష్ట్ర ప్రభుత్వం నీటి సంఘాల చట్టం తెచ్చి, కాలువల బాగోగులు మళ్ళీ రైతుల చేతికి ఇవ్వాలని చూసింది. కొన్ని చోట్ల సంఘాలు బాగానే పని చేశాయి. కొన్ని చోట్ల బోర్డు మాత్రమే మిగిలింది.

ఇవి పొలాల కాలువల సంగతి. ఊరి నడుమ పారే కాలువ ఇంతకంటే కష్టమైనది. పొలంలో కాలువ పూడితే నష్టపోయే రైతు ఎవరో తెలుసు. ఊళ్ళో కాలువ పూడితే నష్టం అందరిదీ. అందరిదీ అంటే ఎవరిదీ కాదు.

మన సముదాయానికి ఇటువంటి కాలువలు కొత్తవి కావు. హజ్‌కు వెళ్ళివచ్చిన పెద్దలు నహరె జుబైదా పేరు వినే ఉంటారు. ఖలీఫా హారూన్ రషీద్ గారి బేగం జుబైదా, మక్కాలో యాత్రికులు నీటికి పడే బాధ చూసి, కొండల్లోని ఊటలనుండి రాతి కాలువ కట్టించి నీరు తెప్పించింది. అది సుమారు పన్నెండు వందల ఏళ్ళ క్రిందటి మాట. అందరూ ఇంతవరకే చెప్పుకొంటారు. తర్వాతి కథ ఎవరూ చెప్పుకోరు. ఆ కాలువ ఎన్నోమార్లు పూడింది, ఎన్నోమార్లు బాగుపడింది. 16వ శతాబ్దంలో తుర్కీ సుల్తాను సులేమాన్ కూతురు మిహ్రిమాహ్ సుల్తాన్ తన సొమ్ము వెచ్చించి దాన్ని మళ్ళీ పారించింది. ఒక స్త్రీ కట్టించినదానిని ఏడు వందల ఏళ్ళ తర్వాత మరో స్త్రీ బాగు చేయించింది. రెండో ఆమె పేరు మన పిల్లల పుస్తకాల్లో లేదు.

ఇక ఢిల్లీ. ఉర్దూ చదివినవాళ్ళకు చాందినీ చౌక్ పేరు తెలియకుండా ఉండదు. ఆ వీధి నడుమ ఒకప్పుడు కాలువ పారేదని మాత్రం తరగతిలో చెబితే పిల్లలు నమ్మరు. ఆ కాలువ పుట్టుక ఫిరోజ్‌షా తుగ్లక్‌ది. 14వ శతాబ్దం మధ్యలో యమున నీటిని తన కొత్త పట్టణం హిసార్‌కు తీసుకుపోవడానికి ఆయన దాన్ని త్రవ్వించాడు. ఆయన పోయాక చూసేవాడు లేక పూడిపోయింది. రెండు వందల ఏళ్ళ తర్వాత అక్బర్ పాదుషా హయాంలో బాగు చేశారు. మళ్ళీ పూడింది. షాజహాన్ కొత్త రాజధాని కట్టేటప్పుడు దానిని మూడోసారి బాగుచేసి, పొడిగించి, షాజహానాబాదు లోపలికి తెచ్చారు. ఈ పనికి అలీ మర్దాన్ ఖాన్ పేరు స్థిరపడింది. 1648లో ఎర్రకోట ప్రారంభమయ్యేనాటికి ఆ నీరు కోటలోని మహళ్ళ గుండా నహరె బిహిష్త్ అనే పేరుతో పారింది. పాదుషా కూతురు జహానారా బేగం వేయించిన బజారు నడుమనుండి మరో పాయ పోయేది. దారిలో ఒక హౌజు. ఆ హౌజు నీటిలో వెన్నెల పడేది కాబట్టి చాందినీ చౌక్ అయ్యింది. ఇప్పుడు ఆ పేరు మిగిలింది, నీరు లేదు.

ఎందుకు లేదు? 18వ శతాబ్దంలో నాదిర్‌షా వచ్చాడు, అబ్దాలీ వచ్చాడు. ఢిల్లీ పాదుషాకు తన కోట గోడలవరకే అధికారం మిగిలింది. కాలువ మాత్రం ఎన్నో కోసుల దూరంనుండి రావాలి. ఎగువన పూడిక తీసే కూలీకి జీతం ఇచ్చే దర్బారే లేనప్పుడు దిగువన హౌజులో వెన్నెల ఎక్కడినుండి వస్తుంది? కాలువ ఎండింది. కుంఫిణీ దొరలు దాన్ని మళ్ళీ త్రవ్వించి 1820లో నీటిని ఢిల్లీలోకి తెచ్చారు. అది నాలుగో పుట్టుక. 1857 గదర్ తర్వాత కోట చుట్టూ ఇళ్ళు కూల్చారు, బావులు పూడ్చారు. నీటికోసం ఢిల్లీ జనం పడిన పాట్లు మీర్జా గాలిబ్ తన ఉత్తరాల్లో మొరపెట్టుకొన్నాడు. ఆయన ఇల్లు చాందినీ చౌక్ ప్రక్కనే, బల్లీమారాన్‌లో. తర్వాతి కాలంలో బజారు కాలువను కప్పి రోడ్డు చేశారు. హౌజు ఉన్నచోట గడియార స్తంభం లేచింది. అదీ 20వ శతాబ్దం మధ్యలో కూలిపోయింది. 2021లో చాందినీ చౌక్‌ను ఎర్రరాయి పరచి, పగటిపూట బండ్లు రాకుండా చేసి, కొత్తగా ప్రారంభించారు. చూడ చక్కగా ఉందంటారు. నీరు మాత్రం తిరిగి రాలేదు.

ఇన్నిసార్లు పుట్టిన కాలువ మరొకటి నాకు తెలియదు. ప్రతిసారీ దాన్ని బ్రతికించినది ఒక అవసరం. సుల్తానుకు పట్టణం, పాదుషాకు రాజధాని, దొరలకు శిస్తు. అవసరం తీరినరోజు కాలువకు దిక్కులేదు.

మన తెలుగువాళ్ళలో ఊరి నడుమ కాలువ అంటే నాకు బాగా తెలిసినది బెజవాడ. అక్కడ మా ఆపా కాపురం. ముప్ఫై ఏళ్ళుగా సెలవులకు అక్కడికి పోతూ వస్తున్నాను కాబట్టి ఆ కాలువల సంగతి పుస్తకాల్లో కొంత, కళ్ళతో కొంత తెలుసుకొన్నాను.

1832, 33 సంవత్సరాల్లో గుంటూరు ప్రాంతంలో వచ్చిన కరువును డొక్కల కరువు అన్నారు. జనం డొక్కలు ఎండి రోడ్ల మీద పడి చచ్చిపోయారు. కృష్ణ నిండుగా సముద్రంలోకి పోతూండగా ఒడ్డున జనం చావడం ఎవరికైనా సిగ్గుచేటే. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరంలో గోదావరికి ఆనకట్ట కట్టిన కాలంలోనే కృష్ణకు కూడా ఆనకట్ట ఆలోచన నడిచింది. కాప్టెన్ ఓర్ అనే ఇంజనీరు దాన్ని కట్టి 1855 నాటికి పూర్తి చేశాడు. ఆ ఆనకట్ట తూర్పు వైపునుండి బయలుదేరిన కాలువల్లో మూడు బెజవాడ ఊరి గుండా పోతాయి. అవి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. బందరు అంటే ఫారసీలో రేవు. మచిలీపట్నం రేవుకు అంత పేరు ఉండబట్టి ఊరికి ఆ మాటే పేరయ్యింది, ఊరి పేరు కాలువకు వచ్చింది.

ఈ కాలువలు పొలానికి నీరు ఇవ్వడమే గాక దారులుగా కూడా ఉండేవి. కాటన్ దొర రైలుకంటే పడవ చవుక అని జీవితమంతా వాదించినవాడు. ఏలూరు కాలువ ఏలూరు దగ్గర గోదావరి కాలువతో కలుస్తుంది. అవతల గుంటూరు వైపు కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువకు అందుతుంది. అంటే కాకినాడలో పడవ ఎక్కినవాడు లాకులు దాటుకొంటూ, బెజవాడ మీదుగా, మద్రాసులో దిగవచ్చును. ధాన్యం, సున్నం, కలప, పొగాకు, పెండ్లివారు, అందరూ పడవల మీదే. ఊరు కాలువకు ముఖం పెట్టి కూర్చునేది. దుకాణం గుమ్మం కాలువ వైపు, మెట్లు కాలువలోకి. బెజవాడలో ఇప్పటికీ బందరు లాకులు అనే పేరు ఉంది. అది వింటే కొత్తవాడికి తలుపుల లాకు అనిపిస్తుంది.

తర్వాత 1890లలో కృష్ణ మీద రైలు వంతెన వచ్చింది. రైళ్ళు నాలుగు దిక్కులకూ పోసాగాయి. బెజవాడ పెద్ద జంక్షన్ అయ్యింది. ఆపైన బస్సులు, లారీలు. పడవ ఒక్కొక్కటే తగ్గి, చివరికి లేకుండా పోయింది. 1952 వరదలో పాత ఆనకట్టకు గండి పడింది. దానికి కొంచెం ఎగువన 1954లో మొదలుపెట్టి 1957 డిసెంబరుకు కొత్త బ్యారేజీ కట్టి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. నీరు మునుపటికంటే బాగానే పారింది, పొలాలు బాగానే పండాయి. ఊళ్ళో కాలువ మాత్రం చెడింది. పడవ పోయాక, కాలువకు ముఖం పెట్టిన ఊరు వీపు పెట్టింది. గుమ్మాలు రోడ్డు వైపుకు తిరిగాయి. కాలువ పెరటివైపు అయిపోయింది. పెరట్లో ఏమి పారేస్తామో అదే కాలువలో పడింది.

ఇదంతా నేను కళ్ళారా చూశాను. ఆగస్టులో వెళితే ఎర్రటి నీరు ఒరుసుకొని పారుతూ కాలువ పెద్ద నదిలాగా ఉండేది. వేసవిలో నీరు కట్టేశాక వెళితే ముక్కు మూసుకోవాలి. అడుగున నల్లని బురద, పందులు, మురుగుగొట్టాలు. ఒకే కాలువ. ఆరునెలలు గంగ, ఆరునెలలు గలీజు. దాన్ని చూసి ఊరివాళ్ళు గట్టు మీది జనాన్ని తిట్టేవారు. గట్టు మీదివారు ఊరిని తిట్టేవారు. నిజం చెప్పాలంటే కాలువలో కలిసే మురుగులో గట్టు మీది పూరిళ్ళ వాటా ఎంత? దొడ్డే లేని ఇంటినుండి ఎంత మురుగు వస్తుంది? పెద్ద భవంతులనుండి కనబడకుండా గొట్టాల్లో వచ్చేదే అసలు మురుగు. కాని గొట్టం మీద ఎవరికీ కోపం రాదు.

మా ఆపా, దుల్హాభాయ్ ఆ గట్టు మీదే చాలా ఏళ్ళు ఉన్నారు. దుల్హాభాయ్‌కి ఆటోనగర్‌లో వెల్డింగ్ పని. మన జిల్లానుండి బ్రతుకుతెరువుకు వెళ్ళినవాళ్ళు, ముస్లింలూ హిందువులూ, ఆ గట్ల మీద ఎందరో ఉండేవారు. అద్దె తక్కువ, పని దగ్గర. కాలువ ఒడ్లు అందంగా చేయాలని, తోటలు వేయాలని మాటలు మొదలైనప్పుడల్లా వీళ్ళ గుండెల్లో రాయి పడేది. ఒకసారి ఆపా నాతో అంది: "తమ్ముడూ, మేం ఉన్నన్నాళ్ళూ ఇది కాలవ కాదన్నారు. మేం పోతే కాలవైపోద్దంట."

2000 తర్వాతి కాలంలో కాలువ గట్ల మీది, కొండవాలుల మీది కుటుంబాలకు జక్కంపూడి, సింగ్‌నగర్ వైపుల్లో ప్రభుత్వ పథకం క్రింద ఇళ్ళు కట్టి ఇచ్చారు. ఇది మంచి పనే, కాదనను. పూరిపాక పోయి పక్కా ఇల్లు వచ్చింది, పట్టా వచ్చింది. ఆపా కుటుంబం కూడా అటువైపే చేరింది. దుల్హాభాయ్ పనికి పోవడానికి రెండు ఆటోలు మారాల్సి వచ్చేది. అయినా వర్షం వస్తే గట్టు జారుతుందనే భయం లేదు కదా అని తృప్తి పడ్డారు.

వాళ్ళు వెళ్ళిన చోట మరో నీటిదారి ఉంది. దాని పేరు బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి, బెజవాడ ఉత్తరపు అంచు గుండా కొల్లేరుకు పోయే వాగు. ఏడాదిలో ఎక్కువ రోజులు మన గెడ్డల్లాగే ఖాళీగా ఉంటుంది. కోపం వస్తే పట్టలేరు. బెజవాడ దుఃఖదాయని అని దాన్ని ఊరికే అనలేదు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, అక్కడినుండి ఒక కాలువ ద్వారా వరద నీటిని కృష్ణలోకి మళ్ళించే ఏర్పాటు ఎప్పుడో చేశారు. ఆ ఏర్పాటు ఉంది కదా అని క్రింద ఉన్న అసలు వాగును అందరూ మరచిపోయారు. దాని పరీవాహకంలోనే కాలనీలు లేచాయి. వాగు సన్నబడి పిల్లకాలువ అయ్యింది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. రెండు రోజుల కుంభవృష్టికి బుడమేరు పొంగింది. మళ్ళింపు కాలువకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం, జక్కంపూడి వైపు కాలనీలు అన్నీ నీళ్ళలో మునిగాయి. అవతల కృష్ణ కూడా ఆరోజుల్లోనే ఎన్నడూ లేనంత పొంగింది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కుల ప్రవాహం నమోదయ్యింది. 2009 అక్టోబరు వరదను మించినది. కృష్ణే నిండుగా ఉన్నప్పుడు బుడమేరు నీటిని ఏ నది తీసుకొంటుంది?

ఆపా ఫోను ఆరోజు మధ్యాహ్నం వరకే పలికింది. "క్రింది అంతస్తు మునిగింది, మేము పైన పొరుగువారి ఇంట్లో ఉన్నాము" అంది. అంతే. తర్వాత రెండు రోజులు ఏ కబురూ లేదు. నేను స్కూలుకు పోయి ఏమి పాఠం చెప్పానో నాకే తెలియదు. మూడోనాడు దుల్హాభాయ్ ఎవరి ఫోనునుండో మాట్లాడాడు. పడవలు పెద్ద రోడ్డు దాకా వస్తున్నాయిగాని సందుల్లోకి రావడం లేదన్నాడు. డ్రోన్లతో ఆహారం పొట్లాలు వేస్తూంటే, తమ మేడ మీద ఒకటి పడిందనీ, అందులోని పులిహోర పదకొండు మంది తిన్నామనీ చెప్పాడు. సైన్యం వచ్చి, ఇంజనీర్లు వచ్చి, గండ్లు పూడ్చేసరికి ఆ వారం గడిచింది. మన సొసైటీ తరఫున బియ్యం, దుప్పట్లు పంపినప్పుడు ఇచ్చినవారి పేర్లు అడగవద్దని చాలామంది అన్నారు. వాళ్ళకు అల్లా ప్రతిఫలం ఇస్తాడు.

నేను వెళ్ళేసరికి నీరు తీసింది. గోడ మీద నా భుజంకంటే ఎత్తున బురద గీత. ఆపా కుట్టుమిషను తుప్పు పట్టి ఉంది. పిల్లల పుస్తకాలు ఎండలో ఆరబెట్టింది. నన్ను చూసి ఏడవలేదు. "కాలవ గట్టు మీద ఇన్నేళ్ళున్నామా, ఒక్కనాడూ కాలవ ఇంట్లోకి రాలేదు. గట్టు దిగి పక్కా ఇంట్లోకి వస్తే వాగు వచ్చింది" అంది.

దీనికి ఎవరిని నిందించాలో నేను చెప్పబోవడం లేదు. కాని రెండు సంగతులు విడదీయరానివి. ఒక కాలువను బాగుచేసే పేరుతో జనాన్ని లేపినప్పుడు, వాళ్ళను పెట్టే చోట మరో నీటిదారి ఉందా అని చూడాలి. ఊరి నడుమ కాలువకు పూలతోట వేసి, ఊరి అంచు వాగును పూడనిస్తే, నీరు ఆ తోటను చూసి మురిసిపోదు. వరద తర్వాత ప్రభుత్వం ఆపరేషన్ బుడమేరు అని ఒక కార్యక్రమం ప్రకటించింది. ఆక్రమణలు గుర్తించడం, వాగును వెడల్పు చేయడం అందులో ఉన్నాయి. వాగు వెడల్పు చేయవలసిందే. అప్పుడు మళ్ళీ లేచేది ఎవరు, వెళ్ళేది ఎక్కడికి అన్నది కూడా అదే కాగితం మీద ఉండాలి.

దేశం కాని దేశంలోనూ ఇదే చిక్కు. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో చంగేచన్ అనే వాగు ఊరి నడుమ పారేది. దాన్ని కాంక్రీటుతో కప్పి, పైన ఎత్తైన రహదారి కట్టారు. 2003లో ఆ రహదారిని కూల్చడం మొదలుపెట్టి, 2005 అక్టోబరుకల్లా సుమారు ఆరు కిలోమీటర్ల మేర వాగును మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. ఇప్పుడు లోకమంతా వెళ్ళి చూసి వస్తూంది. అందులో పారే నీటిలో ఎక్కువ భాగం హాన్ నదినుండి పంపులు పెట్టి తోడినదే. అది సరే. ఆ వాగు ప్రాంతంలో తోపుడు బండ్ల మీద బ్రతికినవాళ్ళను ఒక పాత స్టేడియంలోకి పంపారు. కొన్నాళ్ళకు ఆ స్టేడియాన్నీ కూల్చారు. వాళ్ళు మళ్ళీ లేచారు. ఈ సంగతి చదివినప్పుడు నాకు ఆపా మాట గుర్తుకు వచ్చింది.

అయితే కాలువను బాగుచేయడం వద్దా అంటే, తప్పక కావాలి. బెజవాడలో నా కళ్ళకు తోచినది చెబుతాను. రంగులు, దీపాలు, బెంచీలు చివర. మొదట మురుగుగొట్టాలు కాలువలో కలవకుండా ఆపాలి. అదే కష్టమైన పని, భూమి లోపల జరిగేది, ఫోటోకు అందనిది. రెండోది, వేసవిలో నీరు కట్టేసిన ఆ రెండు, మూడు నెలలే పూడిక తీయడానికి అదను. ఆ అదను దాటిపోతే సంవత్సరం పోయినట్టే. మూడోది ముఖం. కాలువ వైపు నడకదారి, చిన్న దుకాణాలు, మెట్లు ఉంటే చూసే కళ్ళుంటాయి. పదిమంది చూస్తూండగా ఎవడూ చెత్త సంచి విసరడు. గట్టు మీద బ్రతికినవాళ్ళలో కొందరికైనా ఆ దుకాణాలు ఇస్తే, కాలువకు జీతం లేని కాపలా దొరికినట్టే. నా మాట కొందరికి నచ్చదు. గట్టు మీది మనుషులే కాలువకు శత్రువులని అనుకొనేవారు చదువుకొన్నవారిలోనే ఎక్కువ.

మన ధర్మంలో నీటి గురించి ఎంత చెప్పారో జుమా ఖుత్బాల్లో విన్నాము. పారే నది ఒడ్డున వుజూ చేసినా నీరు వృథా చేయరాదని ప్రవక్త (స) వారి బోధ. నీటి రేవులు, జనం నడిచే దారి, నీడ పట్టున కూర్చునే చోటు, ఈ మూడింటిని అపవిత్రం చేయవద్దని హెచ్చరిక ఉంది. ఈ మూడూ మన వీధిలోనే ఉన్నాయి. మన ఇళ్ళలో శుభకార్యం అయిన మర్నాడు ఎంగిలి ప్లేట్లు ఎక్కడికి పోతున్నాయో ఎవరి మనసుకు వారే చెప్పుకోవాలి. బక్రీదు మర్నాడు వ్యర్థాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కోపం తెచ్చుకోకండి. సొసైటీ సభ్యుడిగా నా ఇంటిని కూడా కలుపుకొనే వ్రాస్తున్నాను.

శ్రీముఖలింగం దగ్గర ప్రశ్న వేసిన కుర్రవాడు ఇప్పుడు తొమ్మిదో తరగతి. మొన్న వాడే వచ్చి, "సార్, ఆ కాలవ ఎవరు తీస్తారు?" అని మళ్ళీ అడిగాడు. ఈసారి నేను ఊరుకోలేదు. ఆ ఊళ్ళో తెలిసిన ఒక రైతు పెద్దను కలిసి మాట్లాడాను. ఆయన నవ్వి, "మాస్టారూ, పట్నం నుంచి మీరొచ్చి తీస్తారా? రండి, మేమూ దిగుతాం. పారలు మాయి, అన్నం కూడా మాదే" అన్నాడు. వంశధార కాలువలకు వేసవిలో నీరు ఉండదు. మే నెల రెండో ఆదివారం, ఎండ ముదరక మునుపే, తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే బయలుదేరి, దాటివచ్చిన ఆ మదుము దగ్గరనుండి ఎంతవరకు అయితే అంతవరకు తీద్దామని అనుకొన్నాము. నీటి సంఘం వారికి, అధికారులకు ముందుగా తెలియజేసి అనుమతి తీసుకొంటాము. ఆ రోజుకు ఆపా కూడా వస్తానంది. "నీళ్ళ సంగతి నాకు మీ అందరికంటే ఎక్కువ తెలుసు" అంటూంది.

రాదలచినవారు పేర్లు నా దగ్గరగాని, మసీదు దగ్గర కార్యదర్శి గారి దగ్గరగాని ఇవ్వవచ్చును. చేతి తొడుగులు, తాగే నీరు ఎవరివి వారు తెచ్చుకోవాలి. ఇది వ్రాసేనాటికి పంతొమ్మిది పేర్లు వచ్చాయి. అందులో పద్నాలుగు పిల్లలవే.